ఎగువవాడి కబురు

గోదావరికి వరద వస్తోందని కోనసీమ వాళ్ళకి తెలిసేది నీళ్ళని చూసి కాదు, అంకెల్ని విని. భద్రాచలం దగ్గర 43 అడుగులంటే మొదటి హెచ్చరిక, 53 అంటే మూడోది. ధవళేశ్వరంలో 11.75 దాటితే మొదటిది, 17.75 దాటితే మూడోది. యీ లెక్కలు మా లంకల్లో అక్షరం ముక్క రాని ముసలమ్మలకి కూడా కంఠతా వచ్చు. ఎగువవాడు కబురు పంపుతాడు. దిగువవాడు గొడ్డూగోదా గట్టుకి తోలుకుంటాడు. అంతర్జాతీయ సహకారం అన్న పెద్దమాటకి నాకు తెలిసిన అర్థం ఇంతే.

ఫ్లూ జ్వరానికీ ఎగువా దిగువా ఉన్నాయి మిత్రులారా! 1918లో అది బొంబాయి రేవులో దిగి దేశం మొత్తం మీద కోటిమందికి పైగా పొట్టన పెట్టుకుంది. అప్పుడు ముందుగా కబురు చెప్పే నాథుడు లేడు. 1957లో సింగపూర్ నించి మద్రాసు రేవుకొచ్చిన ఓడలో మళ్ళీ దిగింది. అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, 1952లో మొదలుపెట్టిన ప్రయోగశాలల వల ఒకటి నడుస్తోంది. దేశదేశాల వాళ్ళు తమ దగ్గర దొరికిన వైరస్ నమూనాలు పంపుతారు. వాటిని చూసి టీకాలో ఏ రకాలుండాలో ఏటా రెండుసార్లు సలహా చెబుతారు. మన తరఫున ఆ పని చూసేది పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ.

ఎక్కడో జరిగే భాగోతం మనకెందుకంటారా? 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ కోళ్ళు గుట్టలుగా చచ్చాయి. బర్డ్ ఫ్లూయేనని భోపాల్ ప్రయోగశాల తేల్చింది. ఆ పెరవలి వైపుకీ మా రావులపాలేనికీ మధ్యనున్నది ఒక్క వశిష్ట పాయ, దాని మీద సిద్ధాంతం వంతెనా! మార్చిలో పల్నాడు జిల్లా పసిపాప ఒకతె మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూస్తే, కారణం హెచ్5ఎన్1 అని పూణేవారు నిర్ధారించారు. మనిషి నించి మనిషికి అది తేలిగ్గా అంటుకోవడం లేదు గనక సరిపోయింది. సంక్రాంతి బరుల్లో పుంజుని చంకన పెట్టుకుని, దాని మొహాన నోటితో నీళ్ళు చిమ్మే మా ఊళ్ళవాళ్ళని తల్చుకుంటే మాత్రం నాకు గుండె జారుతుంది. (పందేలు మానమని చెప్పేంత ధైర్యం నాకు లేదు లెండి.)

ఆ ఫిబ్రవరిలోనే చచ్చిన కోళ్ళని కాలవల్లో పారేశారని పత్రికలు రాశాయి. తప్పే. కానీ రైతు ఎందుకు దాస్తాడు? సర్కారు చంపించిన కోడికైతే పరిహారం వస్తుంది, ముందే చచ్చినదానికి రాదు. పైగా కబురు పొక్కితే ఊరంతటి కోళ్ళూ అమ్ముడుపోవు. నిజం చెప్పినవాడికే నష్టం.

2007లో ఇండోనేషియా సరిగ్గా ఆ మాటే అంది. “మా దగ్గర వైరస్ తీసుకుంటారు, దానితో కంపెనీలు టీకా చేస్తాయి, ఆ టీకా మేం కొనలేని ధరకి అమ్ముతాయి, ఇంక నమూనాలివ్వం పొండి” అన్న ధోరణిలో భీష్మించుకు కూర్చుంది. ప్రపంచం కంగారుపడింది. నాలుగేళ్ళు బేరసారాలాడి, 2011లో ఒక ఏర్పాటు చేసుకున్నారు: ఫ్లూ నమూనాలు అందరూ పంచుకోవాలి, వాటితో బాగుపడే కంపెనీలు మహమ్మారి వేళ టీకాల్లో కొంత ఉచితంగానూ, కొంత చవగ్గానూ ఇవ్వాలి. అయితే ఇది ఫ్లూకే. 2021లో కరోనా టీకాలు ధనిక దేశాలు ఎలా పోగేసుకున్నాయో మనం కళ్ళారా చూశాం.

2025 మే 20న జెనీవాలో మహమ్మారుల ఒప్పందాన్ని ఆమోదించారు. ముందటిరోజు కమిటీలో ఓటు పెడితే 124 దేశాలు ఔనన్నాయి, కాదన్న దేశం లేదు, 11 తటస్థం. కానీ నమూనా ఇచ్చినవాడికి టీకాలో వాటా ఎంతన్న కీలకమైన అనుబంధాన్ని తరవాతి చర్చలకి వాయిదా వేశారు. పెళ్ళిచూపులైపోయాయి, కట్నకానుకల దగ్గర ఆగిందన్నమాట! ఆ జనవరిలోనే అమెరికా సంస్థ నించి తప్పుకుంటున్నానంది.

కొందరు మిత్రులు “వాళ్ళు పంచనప్పుడు మనమెందుకు పంచాలి?” అంటున్నారు. నేనొప్పుకోను. భద్రాచలం వాడితో పేచీ వచ్చిందని ధవళేశ్వరంలో కొలబద్ద పీకేసుకుంటామా? నమూనా ఇస్తూనే వాటా కోసం గట్టిగా దెబ్బలాడాలి. టీకాలు కుప్పలుగా తయారుచేసే దేశం మనది, ఆ మాట అడగటానికి మనకి నోరుంది.

ఇక కబురొచ్చాక మనం చేసేదేమిటి? 1996 నవంబరు తుపాను తరవాత మా తీరానికి ఎక్కడ తలదాచుకోవాలో తెలిసింది. జ్వరానికి అలాంటి ఏర్పాటేదీ? అమలాపురంలో కరెంటు లైన్‌మెన్‌లో సగంమంది మంచాన పడితే తీగ ఎవరు ఎక్కి కడతారు? కాలవ లాకుల మీద లస్కరుకి బదులెవరు? మంచినీళ్ళ చెరువు దగ్గర మోటారు వేసేవాడు రాకపోతే తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఇవి జెనీవాలో తేలేవి కావు. మన హాస్టలు సంగతే చూడండి: వంటవాళ్ళు పడిపోతే మెస్సు నడిపేదెలా, గదుల్లో జ్వరంతో ఉన్నవాళ్ళకి గంజి ఎవరు కాస్తారు, పరీక్షల మాటేమిటి? 2020లో మనల్ని ఒక్కపూటలో ఖాళీ చేయించి ఇళ్ళకి పంపారు, అదే ప్రణాళిక అనుకున్నారు కాబోలు. కొత్త యూనియన్ కార్యవర్గం క్రీడల బడ్జెట్టు తేల్చుకున్నాక వార్డెన్‌గారినీ, డాక్టరుగారినీ కూర్చోబెట్టి ఒక కాగితం రాయించి, మెస్సు గోడకి అంటించాలని నా ప్రతిపాదన. తెల్లకాగితం, జిగురుడబ్బా ఖర్చు నేనే పెట్టుకుంటాను.