బావగారి మీట

ఈ వారం ప్రబంధాల్లో వర్షర్తువర్ణన గురించి వ్రాద్దామని నాలుగు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఇంతలో గుంటూరు నుంచి మా అక్కయ్య ఫోను.

"ఒరే తమ్ముడూ! మీ బావగారి ఆటపెట్టెకి రంగు పోయిందిరా. రవి మూడురోజులనుంచీ దానితోనే కుస్తీ పడుతున్నాడు. నువ్వొకసారి రా."

"నేను తెలుగు మాస్టర్ని అక్కయ్యా! టీవీ మెకానిక్కుని కాను" అన్నాను.

"ఎమ్మే చదివావుగా" అంది.

మా అక్కయ్య దృష్టిలో ఎమ్మే అంటే ఇంట్లో ఏది చెడినా బాగుచెయ్యగలవాడని. ఆ మాటకు ఎదురు చెప్పి నెగ్గినవాళ్ళు మా వంశంలో లేరు. బయలుదేరాను.

ఆ ఆటపెట్టె సంగతి కాస్త చెప్పాలి. మా బావగారు డాక్టరు. 1990లో బ్రిటన్ వెళ్ళారు. మా మేనల్లుడు రవి అప్పటికి అయిదేళ్ళవాడు. కొన్నాళ్ళకు ఆయన వాడికోసమని సెగా మెగా డ్రైవ్ అనే నల్లపెట్టె కొన్నారు. టీవీకి తగిలించి ఆడుకునే వీడియో ఆట అది. వాడికోసమని పేరేగాని, రాత్రి డ్యూటీనుంచి వచ్చి ఆయనే ఎక్కువ ఆడేవారని అక్కయ్య ఇప్పటికీ దెప్పుతుంది. ఆయనకు నచ్చిన ఆట సోనిక్. 1991లో వచ్చింది. అందులో నీలంరంగు ముళ్ళపంది ఒకటి, పచ్చటి కొండలమీద బంగారు కడియాలు ఏరుకుంటూ గాలిలా పరుగెడుతుంది. మొదటి మజిలీని బావగారు ఇరవై తొమ్మిది సెకన్లలో దాటారు. ఆ అంకె, ఆ తేదీ, ఆట అట్టపెట్టె మూతలోపల పెన్సిలుతో వ్రాసుకున్నారు. ఎముకల డాక్టరు గనక ప్రిస్క్రిప్షనులాగే వ్రాశారు. అక్కయ్య తప్ప ఎవరూ చదవలేరు.

ఆయన పోయి ఆరేళ్ళయింది. అక్కయ్య ఇక్కడికి వచ్చేసింది, పెట్టెలతో సహా. ఇప్పుడు రవి ఎనిమిదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని పండక్కి వచ్చాడు. ఆ సింధు, నలభై ఏడేళ్ళకే నన్ను తాతయ్యను చేసిన ఘనురాలు, మూతలోపలి అంకె చూసింది. "తాతగారి రికార్డు నేను కొడతాను" అంది. అక్కయ్య పెట్టె దింపింది.

కొత్త టీవీలకు పాత పసుపుపచ్చ కంత లేదు గదా! అగ్గిపెట్టెకు అన్నలాంటి డబ్బా ఒకటి బజారులో అమ్ముతారు. ఒక పక్క పాత తీగ గుచ్చితే, రెండో పక్కనుంచి కొత్త టీవీకి కావలసిన హెచ్.డి.ఎం.ఐ. వస్తుంది. రవి అది తెచ్చి తగిలించాడు. బొమ్మ వచ్చింది. పాట వచ్చింది. పరుగూ వచ్చింది. రంగు మాత్రం రాలేదు. కొండలు బూడిద, కడియాలు బూడిద, ముళ్ళపంది కాస్త ముదురు బూడిద. "ఇది పాతసినిమానా నానమ్మా?" అందట సింధు.

దుకాణం ఆయన "పెట్టె చచ్చిపోయిందండి, పారెయ్యండి" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళనాటి వస్తువును చూస్తే ఈ మాట ఎవరైనా అంటారు. అయినా మరో డబ్బా అమ్మాడు. చచ్చిపోయినదానికి డబ్బా దేనికని రవి అడగలేదు. అదీ బూడిదే చూపించింది. డబ్బా పక్కన పాల్, ఎన్.టి.ఎస్.సి. అని వ్రాసిన చిన్న మీట ఉంది. దాన్ని అటూ ఇటూ వెయ్యి సార్లు తిప్పారు. ఇలాంటి డబ్బాల్లో చాలావాటికి ఆ మీట టీవీకి పంపే బొమ్మను గురించినదే గాని, లోపలికి వచ్చే రంగును గురించినది కాదని తరువాత తెలిసింది.

సరే, మా ఇంట్లో పాతకాలపు టీవీ ఉంది, దానికి అన్ని కంతలూ ఉన్నాయని అందరినీ విజయవాడ తీసుకొచ్చాను. తగిలించాం. మళ్ళీ నలుపూ తెలుపే! ఇక సందేహం లేదు, పెట్టెదే లోపం అని నేనూ తీర్పు చెప్పేశాను. కాఫీ తెచ్చిన మా ఆవిడ టీవీ వెనక్కు తొంగిచూసి, "పసుపుపచ్చ ముక్కు తీసుకెళ్ళి ఆకుపచ్చ కంతలో పెట్టారేం?" అంది.

నిజమే. మా టీవీకి ఆ ఆకుపచ్చ కంత మూడు తీగల పద్ధతిలో ఒకటి. దానిలోంచి టీవీ వెలుగునీడల్ని మాత్రమే తీసుకుంటుంది, రంగు పక్క రెండు కంతల్లోంచి రావాలి. అందులో మామూలు తీగ పెడితే బొమ్మ వస్తుంది, రంగు రాదు. పాఠకులెవరికైనా ఈ చిక్కు వస్తే ముందు చూడవలసింది ఇదే. మార్చి పెట్టాం, గర్వంగా చూశాం. ఇంకా బూడిదే.

అంటే రెండు రోగాలకు ఒకటే లక్షణం అన్నమాట. బావగారుంటే ఒక రోగం కుదిరితే రెండోది లేదనుకోకూడదని అనేవారే.

ఈ తర్జనభర్జనల్లో సింధు పెట్టె వెనకనున్న ఒక చిన్న మీటను గోటితో ఇటు నెట్టింది. టీవీ ఒకసారి గతుక్కుమంది. పచ్చటి కొండలు! నీలం ముళ్ళపంది! అందరం చప్పట్లు కొట్టాం. ఒక్క రవి మాత్రం కొట్టలేదు.

"ఇది కాదు మామయ్యా! వేగం చూడండి. నాన్న ఆడింది ఇది కాదు."

బొమ్మకు పైనా కిందా నల్లటి పట్టీలు వచ్చాయి. పాట సాగదీసినట్లుంది. సోనిక్ అనేవాడు అన్నం తిని నడుస్తున్నట్లున్నాడు. ఆ మీట అసలు పెట్టెతో వచ్చినది కాదు. బ్రిటన్‌లో, మన దేశంలో లాగే, టీవీ బొమ్మ సెకనుకు యాభైసార్లు మారుతుంది. జపాన్, అమెరికాల్లో అరవైసార్లు. అరవైకి తయారైన ఆటను యాభైమీద నడిపితే ఆరోవంతు నెమ్మదిస్తుంది. అది సహించలేక బావగారు 1994లో ఎవరిచేతనో పెట్టె విప్పించి, టంకం వేయించి, 50–60 అని ఈ మీట పెట్టించుకున్నారు.

కనక ఇప్పుడు మా ముందున్న ప్రశ్న: రంగు కావాలా, వేగం కావాలా? యాభైమీద ఆడితే ఆటలోని గడియారం కూడా నెమ్మదిగానే తిరుగుతుంది. ఆలోచించుకోడానికి వ్యవధి ఎక్కువ. అలా తాతగారి రికార్డు కొడితే ఏమంటారు? "దొంగాట" అంది అక్కయ్య. నలుపు తెలుపుల్లో ఆడమంటే సింధు మూతి ముడిచింది. అప్పటి టీవీలో రంగూ వేగమూ రెండూ ఉండేవని రవి ప్రమాణం చేస్తాడు. "మీ నాన్న వట్టి మాట చెప్పే మనిషి కాదు" అని అక్కయ్య కళ్ళు తుడుచుకుంది. ఆవిడ కళ్ళు తుడుచుకున్న తరువాత వర్షర్తువర్ణన ఏం వ్రాస్తాం?

మా కాలేజీ ఫిజిక్సు మాస్టారిని పిలిచాను. ఆయన అంతా విని నవ్వి, "రంగు పోలేదండీ. టీవీయే పుచ్చుకోవడం లేదు" అన్నారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్లు చెబుతాను. 1953లో అమెరికాలో రంగుల టీవీ పద్ధతి ఖాయం చేసేనాటికి లక్షలాది ఇళ్ళల్లో నలుపు తెలుపు టీవీలున్నాయి. వాటిని పారెయ్యమనలేరు గదా! అంచేత వెలుగునీడల బొమ్మను ఎప్పటిలా పంపుతూనే, రంగును ఒక సన్నటి అలమీద ఎక్కించి దానితో కలిపి పంపారు. పాత టీవీ బొమ్మను పుచ్చుకుని రంగును వదిలేస్తుంది. కొత్త టీవీ రెండూ పుచ్చుకుంటుంది. రంగు వచ్చిన చుట్టమేగాని ఇంటిమనిషి కాదన్నమాట. అందుకే ఏ తేడా వచ్చినా ముందు వెళ్ళిపోయేది రంగే.

ఆ అలకు శ్రుతి ఉంది. అమెరికా పద్ధతిలో సెకనుకు 35,79,545 కంపనాలు. పాల్ పద్ధతిలో 44,33,619. బొమ్మలోని ఒక్కొక్క గీత మొదట్లోనూ, గీత కనిపించకముందే, ఆ అల సుమారు తొమ్మిదిసార్లు ఊగి శ్రుతి ఇస్తుంది. సెకనుకు పదిహేనువేల పైచిలుకు గీతలు. ప్రతి గీతకూ తంబురా మీటి మరీ పాడినట్లు! టీవీ తన తంబురాను దానితో సరిచూసుకుని, అసలు అల దానికన్నా ఎంత ముందుందో ఎంత వెనకుందో చూసి, ఇది ఎరుపు, ఇది నీలం అని తేలుస్తుంది. శ్రుతి కలవకపోతే ఎరుపును ఆకుపచ్చగా చూపించే ప్రమాదముంది గనక, తప్పు రంగు చూపించడంకంటే అసలు చూపించకపోవడం మేలని రంగును పూర్తిగా ఆపేసే ఏర్పాటు టీవీల్లో చేశారు. శ్రుతి కలవనివాడు గొంతు విప్పడం మానేసినట్లు. మా పేటలో కొందరు గాయకులకు ఈ ఏర్పాటు ఉంటే బాగుండును.

ఇక మా పెట్టె కథ. బ్రిటన్ పెట్టెలో క్వార్ట్జ్ పలుకు ఇచ్చే మూలకంపనం సెకనుకు 5,32,03,424. పన్నెండుతో భాగిస్తే సరిగ్గా పాల్ శ్రుతి వస్తుంది. మీట అరవైవైపు తిప్పితే పెట్టె తాను అమెరికాలో ఉన్నాననుకుని పదిహేనుతో భాగిస్తుంది. వచ్చేది 35,46,895. కావలసింది 35,79,545. అమెరికా పెట్టెలో పలుకే వేరు, 5,36,93,175. అక్కడ లెక్క సరిపోతుంది. ఇక్కడ తేడా నూటికి ఒకటి కూడా లేదు గాని, రేడియో తరంగాల మీద పంపే బొమ్మకు అమెరికావాళ్ళు అనుమతించిన తేడా పది కంపనాలు. మనది ముప్ఫయిరెండు వేలు దాటింది. టీవీ ఎలా ఒప్పుకుంటుంది?

(అమెరికాలో తీసిన పెళ్ళి టేపును ఇక్కడి వి.సి.ఆర్.లో వేసి ఇలాంటి డబ్బాల గుండా కంప్యూటరులోకి ఎక్కించబోతే నలుపు తెలుపు రావడం కూడా ఈ జాతి చిక్కే. కొన్ని వి.సి.ఆర్.లు గీతలు అమెరికావి, శ్రుతి పాల్‌ది కలిపి పంపుతాయి. పాత టీవీలు చాలావరకు సర్దుకుపోయేవి, డబ్బాలు సర్దుకోవు. టేపు పాడైందని పారెయ్యకండి.)

"మరి బావగారి టీవీ ఎలా ఒప్పుకుంది?" అని అడిగాను.

"స్కార్ట్ తీగ వాడి ఉంటారు" అన్నారు మాస్టారు. ఫ్రాన్సులో పుట్టి యూరప్ అంతా వ్యాపించిన పెద్ద ప్లగ్గు అది, ఇరవై ఒక్క కాళ్ళు. దానిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేరువేరు తీగల్లో వెళ్ళే వీలుంది. మా పసుపుపచ్చ తీగ సమాసం. టీవీ విగ్రహవాక్యం చెప్పుకోవాలి. ఇక్కడ పదాలు మొదటినుంచీ విడివిడిగానే ఉన్నాయి. శ్రుతితో పనే లేదు.

ఇది వినగానే అక్కయ్య, "వెడల్పాటి మొహం, నల్ల తీగేనా? వాక్యూమ్ క్లీనరుది కాబోలని ట్రంకుపెట్టెలో పెట్టాను" అంది. ఏదీ పారెయ్యని ఆడవాళ్ళవల్లే ఈ దేశంలో సగం పనులు జరుగుతున్నాయి.

తీగ దొరికింది. దాన్ని హెచ్.డి.ఎం.ఐ.కి మార్చే డబ్బా ఒకటి తెప్పించాం. పెట్టాం. బూడిద! రవి తల పట్టుకున్నాడు. మాస్టారు ఆ డబ్బాను తిప్పి చూసి, ఇరవై ఒక్క కాళ్ళకూ కంతలున్నాయి గాని, ఇది లోపల సమాసం వచ్చే కాలునే చదువుతోంది, మూడు రంగుల కాళ్ళనూ ముట్టడం లేదు అన్నారు. చవక డబ్బాల్లో చాలావాటికి ఈ గుణం ఉందట. కొనేముందు "ఆర్.జి.బి. తీసుకుంటుందా?" అని అడిగి మరీ కొనాలి. అడిగి కొన్న రెండోది మూడింతల ఖరీదు, నాలుగురోజుల ఆలస్యం. రవి ప్రయాణానికి రెండురోజులుందనగా వచ్చింది.

మీట అరవైవైపు ఉంచి నొక్కాడు. పచ్చటి కొండలు, బంగారు కడియాలు, నీలం ముళ్ళపంది బాణంలా దూసుకుపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అక్కయ్య టీవీవైపు చూడలేదు. కళ్ళు మూసుకుని పాట వింటూ, "ఇదే. రాత్రి పదింటికి వంటింట్లోకి వినిపించింది ఇదే" అంది.

సింధు మొదటిసారి యాభై ఎనిమిది సెకన్లు. వెళ్ళేనాటికి ముప్ఫయి ఆరు. పెట్టె తీసుకెళ్ళమని అక్కయ్య అంటే, "వద్దు, వచ్చే సంవత్సరం వచ్చి కొడతాను" అని, మూతలోపల తాతగారి అంకె కింద తన అంకె వ్రాసుకుంది. దాని దస్తూరీ అందరికీ అర్థమవుతుంది.

నా వంతు పని ఒకటి మిగిలింది. అక్కయ్య అడిగితే అట్టమీద పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టెకు అంటించాను: "మీట 60 వైపే. తీగ వెడల్పు మొహంది. పసుపుది పెట్టరాదు." ట్రంకుపెట్టెలో ఆ పసుపు తీగ కూడా భద్రంగా ఉంది.