నల్లరేగడి తిండిని తెలుగులో ఎవరు రాస్తారు?

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి ఆదిలాబాద్ దగ్గర తెలుగు నేలలో అడుగుపెట్టి హైదరాబాద్, కర్నూలు, అనంతపురం దాటి వెళ్తుంది. అదే రోడ్డు మదురై దాటాక విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి ఊళ్లను వరసగా తాకుతుంది. కన్యాకుమారి యాత్రకు బయల్దేరిన తెలుగు కుటుంబాలు అక్కడ ఆగితే ఆగేది కాసేపే. విరుదునగర్‌లో నూనె పరోటా తింటారు, సాత్తూరులో కారాసేవు కొంటారు, కోవిల్‌పట్టిలో పల్లీపట్టి పొట్లాలు నాలుగు కట్టించుకుంటారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో వందల ఏళ్లుగా ఇళ్లలో తెలుగే మాట్లాడుకుంటున్నారన్న సంగతి చాలామందికి తెలియకుండానే బండి తిరునెల్వేలి చేరిపోతుంది.

ఈ ఊళ్ల తిండీ బతుకూ ఇప్పుడు కెమెరాలకు బాగానే చిక్కుతున్నాయి. విరుదునగర్‌లో బర్మా కడై పరోటా మీద వీడియోలకు లెక్కే లేదు. వెడల్పాటి పెనంలో నూనె మరుగుతుంటుంది, పరోటాలు అందులో వేగి ఎర్రబడతాయి, వాటిని తుంచి ఆకులో వేసి పైన పల్చటి సాల్నా పోస్తారు. చూడ్డానికి బాగుంటుంది, తినడానికి ఇంకా బాగుంటుంది. కానీ విరుదునగర్‌లోనే పరోటాను నూనెలో ఎందుకు వేయించడం మొదలుపెట్టారు? ఆ ఊరు నూనెల వ్యాపారానికి, పప్పులకు, మిరపకాయలకు, పత్తికి పేరుమోసిన మండీ. అక్కడి ధరలను తమిళ పత్రికలు ప్రత్యేకంగా అచ్చువేస్తాయి. తెలుగు రాష్ట్రాల దుకాణాల్లోనూ దొరికే ఇదయం నువ్వుల నూనె ఆ ఊరిదే. నూనె మండీకీ పెనానికీ ఉన్న ఆ దగ్గరితనం వీడియోలో కనిపించదు. తెల్లవారుజామున పిండి పిసికేది ఎవరు, కూలి ఎంత, నూనె ధర పెరిగిన నెలలో పరోటా పరిమాణం ఏమవుతుంది? ఇవి చెప్పాలంటే ఆ ఊళ్లో ఉండాలి. ఉండి, రాయాలి.

ఈ వ్యాసం అడిగేది అదే. కోవిల్‌పట్టి, విరుదునగర్ ఊళ్ల తిండిని, రోజువారీ బతుకును తెలుగులో రాసేవాళ్లు కావాలి. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి వెళ్లి చూసొచ్చి రాసేవాళ్లు కాదు; అక్కడే పుట్టి, అక్కడి యాసలో తెలుగు మాట్లాడేవాళ్లు కావాలి.

కొత్త కోరికేమీ కాదిది. తెలుగులో భోజనం గురించి వచ్చిన గొప్ప వర్ణనల్లో ఒకటి ఈ జిల్లాలోని ఓ ఇంటిదే. శ్రీవిల్లిపుత్తూరు నేటి విరుదునగర్ జిల్లాలో ఉంది. పదహారో శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయలు రాసిన ఆముక్తమాల్యదలో ఆ ఊరి భక్తుడు విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏం పెట్టేవాడో వివరంగా ఉంటుంది. జడివాన రోజుల్లో వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, తాలింపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. వేసవిలో గోరువెచ్చటి అన్నం, తియ్యని చారు, పల్చటి అంబలి, చెరకు రసం, కొబ్బరినీళ్లు, పిందెల ఊరగాయ, నీళ్ల మజ్జిగ. చలికాలంలో కొత్త బియ్యపు అన్నం, మిరియాల పొడి చల్లిన వేడి కూరలు, ముక్కు అదిరే ఆవ పచ్చళ్లు, పాయసం, వేడి పాలు. ఇంకో వివరమూ ఉంది: వానాకాలంలో వంట చేసే ఇల్లాలు కళ్లలోకి పొగ పోకుండా కొబ్బరిచిప్పలు మండించి వండుతుంది. ఇంత పెద్ద రాజ్యం ఏలిన మనిషి పొయ్యిలో ఏం కాలుతోందో, ఆ పొగ ఎవరి కళ్లకు తగులుతుందో చూశాడు. తిండి గురించి రాయడమంటే అదీ!

రాయలు తనకు తెలిసిన తెలుగింటి వంటనే విల్లిపుత్తూరు ఇంట్లో వడ్డించి ఉండవచ్చు. అయినా ఆ వడ్డనలో కాలం ఉంది, ఊరి వాతావరణం ఉంది, వండే మనిషి ఉంది. మిరపకాయ మాత్రం లేదు. కారమంతా మిరియాలదీ ఆవాలదీ. ఇవాళ మిరప బస్తాలు దిగే జిల్లాలో ఐదు వందల ఏళ్ల కిందటి కారం అలా ఉండేదని తెలుగు కావ్యం చెబుతోంది. శ్రీవిల్లిపుత్తూరు పాలకోవాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు తెలుగు పత్రికలు ఈ సంగతి గుర్తుచేసుకుని ఉంటే ఎంత బాగుండేది!

రాయల తర్వాత ఆ నేలను అంత దగ్గరగా చూసిన తెలుగింటి మనిషి కి. రాజనారాయణన్. అందరూ కి.రా. అనే పిలుస్తారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ ఆయన ఊరు. ఇంట్లో తెలుగు, రాసింది తమిళంలో. హైస్కూలు చదువు కూడా పూర్తిచేయలేదు, వ్యవసాయం చేశాడు, రైతు ఉద్యమంలో జైలుకు వెళ్లాడు. తర్వాత రాయడం మొదలుపెట్టి ఆ నల్లరేగడి నేలకు తమిళ సాహిత్యంలో శాశ్వతమైన చోటు సంపాదించాడు. నల్లరేగడిని అక్కడ కరిసల్ అంటారు. కరిసల్ సాహిత్యం అనే పేరు ఆయనతోనే స్థిరపడింది. 1976లో వచ్చిన ‘గోపల్ల గ్రామం’ నవలలో తెలుగువాళ్లు ఓ నవాబు కంటపడిన అమ్మాయిని కాపాడుకోవడానికి ఊరు వదిలి దక్షిణానికి పారిపోతారు. నదిని దాటడానికి ఓ చెట్టు వంగి దారి ఇస్తుంది. అడవిని తగలబెట్టి, నేల చదును చేసి కొత్త ఊరు కట్టుకుంటారు. 137 ఏళ్ల మంగతాయారమ్మ ఆ ప్రయాణాన్ని మనవల తరానికి చెబుతుంది. దాని తర్వాతి నవల ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

నవలలకన్నా ఈ వ్యాసానికి ఆయన మిగతా పని ముఖ్యం. ‘కరిసల్ కాట్టు కడుదాసి’ పేరుతో పత్రికలో ఉత్తరాల్లా రాసుకుపోయాడు: వాన, పశువులు, పంటలు, తిండి, పల్లె మనుషుల తీరు. ఊరూరా తిరిగి జానపద కథలు సేకరించాడు. కరిసల్ యాసకు నిఘంటువు తయారు చేశాడు. బడి చదువు పూర్తిచేయని ఆ రైతును పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి జానపద విజ్ఞానం బోధించమంది. 2021 మే నెలలో ఆయన పోయినప్పుడు తమిళనాడు ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపింది. ఆయన బాల్యమిత్రుడు, రచయిత కు. అళగిరిసామిదీ ఇడైసెవలే, అళగిరిసామి ఇంటి భాష కూడా తెలుగే. 1970లో ఆయనకు మరణానంతరం అకాడమీ పురస్కారం వచ్చింది. ఒక్క పల్లె, రెండు అకాడమీ పురస్కారాలు, ఇద్దరూ తెలుగిళ్ల పిల్లలు. కోవిల్‌పట్టి ప్రాంతం నుంచే పూమణి 2014లో, చో. ధర్మన్ 2019లో అదే పురస్కారం అందుకున్నారు. పూమణి రాసిన ‘వెక్కై’ నవల ‘అసురన్’ సినిమా అయింది, అదే తెలుగులో వెంకటేశ్ ‘నారప్ప’గా వచ్చింది. కరిసల్ కథ రాయలసీమ కథగా మారితే ఎక్కడా అతుకు కనబడలేదు. రెండు నేలలూ వానకోసం ఆకాశం చూసేవే.

తినేదీ ఒకలాంటిదే. వరి కాలువల కింద పండే పంట. కరిసల్‌లో సజ్జలు, జొన్నలు, ఊదలు. వరి అన్నం పండగ పూట. సజ్జ అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో పొలానికి వెళ్లిన తరాలు అనంతపురంలోనూ ఉన్నాయి, కోవిల్‌పట్టిలోనూ ఉన్నాయి. ఇవాళ నగరాల్లో చిరుధాన్యాల పేరుతో ఖరీదైన పొట్లాల్లో అమ్మేది ఆ పేదింటి గింజనే. దాన్ని దంచిన చేతుల గురించి, సంగటి వండిన కుండ గురించి తెలుగులో చెప్పగలవాళ్లు సాత్తూరు పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్లకిప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు. ఆలస్యానికి వ్యవధి లేదు.

పల్లీపట్టి సంగతి చూస్తే రాయడం వల్ల ఊరికి ఏం ఒరుగుతుందో తెలుస్తుంది. కోవిల్‌పట్టి పల్లీపట్టికి, అంటే కడలై మిఠాయికి, 2020 ఏప్రిల్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బెల్లం పాకం పట్టి, వేయించి పొట్టు తీసిన పల్లీలు కలిపి, చెక్కపలక మీద పరిచి, వేడి ఆరకముందే కోస్తారు. పైన గులాబీ, ఆకుపచ్చ, పసుపు రంగుల్లో కొబ్బరి తురుము. తామ్రపర్ణి నీళ్లు, నల్లరేగడిలో పండిన గింజ వల్లే ఆ రుచి అని తయారీదారులు దరఖాస్తులో వాదించి నెగ్గారు. అంటే నేల, నీరు, పద్ధతి, చరిత్ర అన్నీ కాగితం మీద పెట్టారు. దశాబ్దాల పాటు దేశంలోకెల్లా ఎక్కువగా వేరుశనగ పండించిన జిల్లాల్లో అనంతపురం ఒకటి. అక్కడ ఇంటింటా వేరుశనగ ఉండలు చేస్తారు. వాటికి అలాంటి పేరు లేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో గుర్తింపు వచ్చిందంటే, వాళ్లూ తమ పనిని పత్రాల్లోకి ఎక్కించుకున్నారు కాబట్టే.

విరుదునగర్‌లో తిండి కథ హోటలు దగ్గర ఆగదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ ఊరి నాడార్ వర్తకులు క్షత్రియ విద్యాశాల పెట్టినప్పుడు ఇంటింటా రోజూ వంటకు తీసే బియ్యంలోంచి ఓ పిడికెడు బడి కోసం పక్కన పెట్టించారు. ఆ బియ్యం పోగుచేసి అమ్మి బడి నడిపారు. ఆ బడిలో కొన్నేళ్లు చదివి మానేసిన పిల్లవాడు కామరాజ్. ముఖ్యమంత్రి అయ్యాక 1956లో రాష్ట్రమంతటా బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టించాడు. ఆ పథకపు తొలి వేదికల్లో ఒకటి కోవిల్‌పట్టి పక్కనే ఉన్న ఎట్టయపురం. అంతకుముందు 1920లో మద్రాసు నగరపాలక సంస్థ ఓ బడిలో పిల్లలకు తిండి పెట్టాలని నిర్ణయించినప్పుడు దాని అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. ఆయన తెలుగువాడు. ఇవాళ దేశమంతటా పిల్లలు తినే బడి భోజనం వెనక విరుదునగర్ పిడికెడు బియ్యం ఉందన్నది తెలుగు పాఠ్యపుస్తకంలో ఒక పాఠంగా ఉండదగ్గ సంగతి.

ఎట్టయపురం పేరు వచ్చింది కాబట్టి మరొకటి. తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఆ ఊళ్లోనే 1904లో సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని అచ్చువేయించారు. కర్ణాటక సంగీతానికి ఆధారగ్రంథమైన ఆ మహాపుస్తకం తెలుగులో ఉంది. కోవిల్‌పట్టికి పదిహేను కిలోమీటర్ల దూరంలో తెలుగు అచ్చు అక్షరాలు పేర్చే ముద్రణశాల నడిచింది. నూటయిరవై ఏళ్లలో ఆ ప్రాంతపు తెలుగు అచ్చులోంచి ఇంటి గడప లోపలికి వెళ్లిపోయింది. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 42 లక్షలు. వాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. చదువంతా తమిళంలో జరిగింది. అందులో వాళ్ల తప్పు లేదు, తమిళంలో రాసిన కి.రా. తెలుగుకు తక్కువ చేసిందీ లేదు. ఆయన నల్లరేగడిని రాసిన భాష ఆ నేలలో అందరూ చదవగలిగింది. కానీ ఆయన అమ్మ వంటింట్లో వినిపించిన తెలుగు అలాగే ఎక్కడా నమోదు కాలేదన్నది నిజమైన లోటు.

రాయడం రాకపోతే చెప్పించవచ్చు. గుంటూరు జిల్లా గుడివాడకు చెందిన మస్తానమ్మ వందేళ్లు దాటిన వయసులో యూట్యూబ్ వీడియోల్లో పొలంలో పొయ్యి పెట్టి వండుతూ తన మాటలో తాను మాట్లాడింది. 2018లో ఆమె పోయేనాటికి లక్షలమంది ఆ మాట వింటున్నారు. ఎవరూ ఆమె తెలుగును దిద్దలేదు. పులికాట్ తీరపు తెలుగును స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కతలు’లో ఉన్నదున్నట్టు పెడితే పాఠకులు తడబడకుండా చదువుకున్నారు. సాత్తూరు తెలుగును, కోవిల్‌పట్టి తెలుగును కూడా అలాగే చదువుతారు. అందులో తమిళ మాటలు కలిసి ఉంటాయి, ఉండనివ్వాలి.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఆ ప్రాంతపు తెలుగంటే కమ్మవారి, రెడ్ల, రాజపాళయం రాజుల తెలుగు మాత్రమే అనుకోకూడదు. రాజకంబళం నాయకర్లు మాట్లాడేదీ తెలుగే. అరుంధతీయుల ఇళ్లలోదీ తెలుగే. ఊరికి చెప్పులు కుట్టి, వీధులు ఊడ్చిన ఆ ఇళ్లలో ఏం వండారు, పండగ నాడు ఏం తిన్నారు, ఎవరి గుమ్మం ముందు ఏ గిన్నెలో తీసుకున్నారు? వాళ్ల నోట వాళ్ల మాటగా ఇది అచ్చులో దాదాపు లేదు. ఈ పని వాళ్ల దగ్గర మొదలైతే మంచిది.

ఆదివారం అనుబంధాల్లో తెలుగు పత్రికలు దీనికోసం వారానికి అరపేజీ ఇవ్వగలవు. తమిళ లిపిలో రాసి పంపినా, ఫోనులో మాట్లాడి పంపినా తీసుకుని తెలుగు లిపిలోకి ఎక్కించే ఒక ఉపసంపాదకుడు చాలు. మదురైలో, చెన్నైలో తెలుగు చదివే విద్యార్థులు సెలవుల్లో సొంత ఊళ్ల అమ్మమ్మలను కూర్చోబెట్టి రికార్డు చేయవచ్చు. కోవిల్‌పట్టిలో ప్రభుత్వం కట్టించిన కి.రా. స్మారక మందిరం ఉంది. ఈ మాటలు చెప్పించే సమావేశాలకు అంతకన్నా తగిన చోటు వెతకనక్కర్లేదు. మొదటి వారం పల్లీపట్టి కోసే మహిళ, రెండో వారం పరోటా పిండి పిసికే మనిషి, మూడో వారం సజ్జలు దంచిన అవ్వ మాట్లాడాలి. వాళ్లు ఏ పూట ఏం తిన్నారో, పొయ్యిలో ఏం కాల్చారో అడగాలి.