అర్థం కాని గొంతు

ఒక కళాకారుని కృతి మొదటిసారి లోకం ముందుకు వచ్చినప్పుడు దానిపై వెలువడే తీర్పు చాలాసార్లు ఆ కృతిని గూర్చినది కాదు. అంతకు ముందు అతడు సృష్టించినవాటి మీద లోకానికి ఏర్పడిన మమకారాన్ని గూర్చినది. అలవాటైన రుచి దొరకని భోక్త వంట బాగా లేదంటాడు. అతడు అబద్ధమాడడం లేదు. కాని అతడు చెబుతున్నది తన నాలుకను గురించి. ఇటువంటి తీర్పులలో కొన్ని కాలక్రమాన వాటంతటవే రాలిపోతాయి. మరికొన్ని, ఎవరైనా పూనుకొని తిరిగి విచారిస్తే గాని సడలవు. రాక్ సంగీతంలో ప్రసిద్ధుడైన నీల్ యంగ్ వెలువరించిన ‘ట్రాన్స్’ అనే ఆల్బం కథ ఈ రెండవ కోవకు చెందినది.

నీల్ యంగ్ 1945లో కెనడాలోని టొరాంటో నగరంలో పుట్టాడు. అయిదేళ్ల ప్రాయంలోనే పోలియో వాతబడి కోలుకున్నాడు. 1966లో లాస్ ఏంజలెస్‌లో ‘బఫలో స్ప్రింగ్‌ఫీల్డ్’ అనే బృందంలో చేరి పేరు తెచ్చుకున్నాడు. 1972లో వచ్చిన ఆయన ‘హార్వెస్ట్’ ఆల్బం ఆ ఏడు అమెరికాలో అన్నిటికంటె ఎక్కువగా అమ్ముడుపోయింది. ఆయన గొంతు సన్ననిది, ఎత్తైనది, కొంచెం వణికేది. శాస్త్రజ్ఞులు మెచ్చే గొంతు కాదు. అయితే అందులో దాపరికం లేదని శ్రోతలకు గట్టి నమ్మకం. ఒకనాడు గిటారు, మౌతార్గాన్ చేతబట్టి మెల్లగా పాడినా, మరొకనాడు విద్యుత్ గిటార్ల హోరులో అరచినా, పాడుతున్న మనిషి ఫలానా అని తెలుస్తూనే ఉండేది. 1979 నాటి ‘రస్ట్ నెవర్ స్లీప్స్’లో ఈ రెండు ధోరణులూ ఒకే రికార్డులో ఇమిడి, ఆయన కీర్తిని మరింత పెంచాయి. యౌవనమే పెట్టుబడి అయిన ఆ రంగంలో, 1982 నాటికి ఆయన పదహారేళ్ల అనుభవం గల పెద్దల కోవలోకి వచ్చాడు.

ఆ ఏడాది డిసెంబరు చివర ‘ట్రాన్స్’ విడుదల అయింది. జెఫెన్ అనే కొత్త కంపెనీకి ఆయన ఇచ్చిన మొదటి ఆల్బం అది. అందులో తొమ్మిది పాటలు. వాటిలో ఆరింటిలో నీల్ యంగ్ గొంతు ఉన్నదీ, లేదు కూడా. లోకం ఎరిగిన ఆ గొంతుకు బదులు ఇనుము పలికినట్లు, గాజు గొట్టంలో ఎవరో పాడినట్లు ఒక యంత్రస్వరం వినిపించింది. మాటలు సగం అర్థమవుతాయి, సగం కావు. పైగా, 1967లో బఫలో స్ప్రింగ్‌ఫీల్డ్ బృందంతో పాడిన ‘మిస్టర్ సోల్’ అనే తన పాత పాటను కూడా ఆయన ఆ యంత్రస్వరంలోనే తిరిగి పాడాడు. పాత గొంతును ప్రేమించినవారికి ఇది గాయం మీద కారం చల్లినట్లయింది.

ఒకరిద్దరు విమర్శకులు ఆదరించకపోలేదు గాని, పెక్కుమంది శ్రోతలు తెల్లబోయారు. జర్మనీలోని క్రాఫ్ట్‌వెర్క్ బృందం ఇటువంటి యంత్రసంగీతాన్ని అప్పటికే ఎంతో నేర్పుతో వినిపిస్తూండగా, పల్లెపాటల ఛాయలు గల ఈ పెద్దమనిషికి ఆ వేషం ఎందుకని ఆక్షేపించారు. కొత్త తరాన్ని మెప్పించడానికి వేసిన ఎత్తు అన్నవారున్నారు. మతి చలించిందన్నవారూ ఉన్నారు. మరుసటి ఏడాది ఆయన 1950ల నాటి రాక్ ధోరణిలో, అరగంటైనా నిండని మరొక ఆల్బం ఇచ్చేసరికి కంపెనీ సహనం నశించింది. 1983లో ఆయన మీద 33 లక్షల డాలర్లకు దావా వేసింది. ఆ అభియోగం సంగీతచరిత్రలో వింతగా నిలిచిపోయింది. ఆయన ఇచ్చిన రికార్డులు వ్యాపారానికి పనికిరానివి, ఆయన పూర్వపు రికార్డులను పోలనివి అన్నది దాని సారాంశం. ఒక కళాకారుడు తనలాగా లేడని అతని మీదనే ఫిర్యాదు! తర్వాత రాజీ కుదిరింది. కంపెనీ అధిపతి క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. కాని ‘ట్రాన్స్’ మీద పడిన ముద్ర మాత్రం చెరగలేదు.

శ్రోతలకు ఆనాడు తెలియని సంగతి ఒకటి ఉన్నది. 1978లో నీల్ యంగ్‌కు, ఆయన భార్య పెగీకి ఒక కుమారుడు కలిగాడు. ఆ బిడ్డకు మస్తిష్క పక్షవాతం. కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేవు, మాట లేదు. తల్లిదండ్రులు ఒక కఠినమైన శిక్షణను స్వీకరించి, దాదాపు ఏడాదిన్నర పాటు, వారానికి ఏడు రోజులూ, రోజులో అత్యధిక భాగం ఆ బిడ్డ అవయవాలను పట్టి కదిలిస్తూ గడిపారు. ఆ పద్ధతి ప్రయోజనాన్ని వైద్యలోకం శంకించింది. చివరకు వారూ దానిని విడిచిపెట్టారు. ఇంట్లో ఇది జరుగుతూండగా ఆ తండ్రి వెలుపల ఎవరికీ ఏమీ చెప్పలేదు. బిడ్డ ఏదో చెప్పాలనుకుంటున్నాడని ఆయనకు తెలుసు. ఆ చెప్పేదేమిటో తెలియదు. ‘ట్రాన్స్’లోని మాటలు జనానికి అర్థం కానట్లే తన కొడుకు మాటలు తనకు అర్థం కాలేదని, ఆ ఆల్బం పుట్టుక అదేనని, అనేక సంవత్సరాల తర్వాత ఆయన వెల్లడించాడు.

ఈ సంగతి తెలిసిన తర్వాత ఆ యంత్రాన్ని తిరిగి చూడవలసి ఉంటుంది. దాని పేరు వోకోడర్. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో హోమర్ డడ్లీ అనే ఇంజనీరు 1930లలో దానిని రూపొందించాడు. మనిషి పలికినప్పుడు గొంతులో పుట్టే నాదం వేరు, నోరూ నాలుకా పెదవులూ కలిసి ఆ నాదానికిచ్చే ఆకారం వేరు. వోకోడర్ ఆ ఆకారాన్ని మాత్రం గ్రహించి, దానిని మరొక నాదం మీద, సాధారణంగా ఒక వాద్యం మీద, ముద్ర వేస్తుంది. అంటే మాట మిగులుతుంది, మనిషి గొంతు పోతుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల నాయకుల సంభాషణలు శత్రువు చెవికి అర్థం కాకుండా కాపాడిన రహస్య యంత్రవ్యవస్థకు ఇదే ఆధారం. పరులకు అర్థం కాకుండా మాట్లాడడానికి ఒకప్పుడు ఉపయోగపడిన సాధనాన్ని, అర్థం కాని మాటతో సతమతమవుతున్న ఒక తండ్రి చేపట్టాడు. ఇది కేవలం నాటి మోజు అనడానికి ఇక నోరు రాదు.

ఆ ఆరు పాటలలో ‘ట్రాన్స్‌ఫార్మర్ మాన్’ అనేది నేరుగా ఆ కుమారుని గూర్చినది. నీల్ యంగ్‌కు బొమ్మ రైళ్లంటే ప్రాణం. చేతులు స్వాధీనంలో లేని కొడుకు కూడా ఒక పెద్ద మీటను నొక్కి రైలును నడపగలిగేలా ఆయన ఉపకరణాలు తయారు చేయించాడు. లోకంలో దేనినీ తన ఇచ్ఛతో కదిలించలేని బాలుడు మీట నొక్కగానే ఎదుట రైలు కదులుతుంది. పాటలో ఆ బాలుడే అధిపతి. మీట అతని చేతిలోనే ఉన్నది. ఈ ఆల్బంకు దృశ్యరూపం ఇవ్వాలని కూడా నీల్ యంగ్ తలపోశాడు. ఒక ఆస్పత్రిలో మరమనుషులందరూ కలిసి ఒక పసిబిడ్డకు ఒక్క మీట నొక్కడం నేర్పడానికి పాటుపడుతూ ఉండడం అందులోని కథ. అది రూపొందలేదు. రూపొంది ఉంటే, యంత్రాలను గూర్చిన వేళాకోళమని జనం అనుకున్న పాటలు ఒక ఇంటి కథ అని ఆనాడే తెలిసిపోయి ఉండేది.

ఇంతవరకు చెప్పినది విన్నవారికి ఒక సందేహం కలగడం న్యాయమే. కళాకారుని కష్టం తెలిసినంత మాత్రాన కృతి గొప్పదవుతుందా? జాలి ఎప్పటినుండి రసం అయింది? ఈ ప్రశ్నను దాటవేసే పునర్విమర్శ పునర్విమర్శ కాదు, పరామర్శ. ‘ట్రాన్స్’లో దోషాలున్నాయి, అవి తండ్రి దుఃఖం వల్ల గుణాలు కావు. తొమ్మిదింటిలో మూడు పాటలు అంతకు ముందు హవాయిలో వేరొక ఆల్బం కోసం పాడినవి; మామూలు గొంతుతో, మామూలు ప్రేమను గూర్చి, సాదా ధోరణిలో సాగుతాయి. అవి ఈ ఆరింటి పక్కన అతుకులుగానే కనిపిస్తాయి. యంత్రస్వరం విని ఆలోచనలో పడిన శ్రోతను వెంటనే మామూలు స్వరం వచ్చి చెదరగొడుతుంది. తొమ్మిదీ ఆ ఒక్క గొంతుతోనే ఉండి ఉంటే శ్రోత దానికి అలవాటుపడి, అది వేషం కాదని గ్రహించి ఉండేవాడేమో. పశువుల కాపరిని కంప్యూటర్ దొంగగా మార్చిన పాటలో చమత్కారం ఎక్కువ, ప్రాణం తక్కువ. చివరి క్షణంలో తీసివేసిన ఒక పాట పేరు రికార్డు అట్ట మీద అలాగే మిగిలిపోయింది. ఆ తొందర, ఆ తడబాటు ఆల్బం నిండా కనిపిస్తాయి.

అన్నిటికంటె పెద్ద దోషం మరొకటి. కవి తన భావానికి తాళం వేయవచ్చును; కాని తాళంచెవిని ఎక్కడో ఒక చోట పాఠకునికి అందేలా ఉంచాలి. నీల్ యంగ్ ఆ పని చేయలేదు. కొడుకు పరిస్థితిని గోప్యంగా ఉంచుకొనే హక్కు తండ్రికి ఉన్నది, కాదనడానికి ఎవరికీ అధికారం లేదు. అయితే ఆ గోప్యతను పాటించినందుకు, అర్థం చేసుకోలేదని ఆనాటి శ్రోతలను నిందించడం కూడా న్యాయం కాదు. వారు విన్నది వారికి వినిపించినంత మేరకే.

అటువంటప్పుడు పాత తీర్పును మార్చవలసిన అవసరమేమి? ఇందుకు సమాధానం సంగీతంలోనే దొరుకుతుంది. 1993లో నీల్ యంగ్ యంత్రాలేవీ లేకుండా మామూలు వాద్యాలతో ఒక కచేరీ చేశాడు; అది ‘అన్‌ప్లగ్డ్’ అనే పేర ఆల్బంగా వచ్చింది. అందులో ఆయన ‘ట్రాన్స్‌ఫార్మర్ మాన్’ పాడాడు. ఈసారి ముసుగు లేదు. ఆ సన్నని గొంతే, ఆ వణుకే. విన్నవారికి అది ఒక జోలపాట అని తెలిసింది. పదేళ్ల క్రితం ఇనుప స్వరం వెనుక ఉన్నది కూడా ఈ బాణీయే. జనం యంత్రాన్ని విన్నారు గాని బాణీని వినలేదు. కథ తెలిసినందువల్ల పాట మంచిది కాలేదు. మంచి పాట మొదటినుండీ అక్కడ ఉన్నది. కథ చేసిన పని శ్రోత చెవిని అటు తిప్పడం మాత్రమే. జీవితచరిత్రకు విమర్శలో ఉన్న స్థానం ఇంతే, ఇంతకు మించి కాదు. కాని ఇది తక్కువ స్థానమూ కాదు.

ఇంకొక మాట. 1993 నాటి పాట హాయిగా ఉన్నది. 1982 నాటి పాట హాయిగా లేదు. అయినా సత్యానికి దగ్గరగా ఉన్నది పాతదేనని వాదించవచ్చును. తండ్రి ప్రేమ ఎంత స్పష్టమైనదో చెప్పేది కొత్త పాట. ఆ ప్రేమ బిడ్డను చేరే దారిలో, బిడ్డ మాట తండ్రిని చేరే దారిలో ఎంత చీకటి ఉన్నదో అనుభవంలోకి తెచ్చేది పాతది. ఆ గొంతు అర్థం కాకపోవడం చూసి శ్రోత విసుగుకుంటాడు, చెవి దగ్గరగా పెడతాడు, ఒక మాట పట్టుకుంటాడు, మరొకటి జారిపోతుంది. ఆ ఇంట్లో ప్రతిరోజూ జరిగినది అదే. లోపమనుకున్నది నిజానికి వస్తువే. ఈ ఒక్క కారణం చాలు, ‘ట్రాన్స్’ను నిరుత్సాహం కలిగించిన కృతుల జాబితా నుంచి తీసి, దోషాలున్నా విడువరాని కృతుల వరసలో చేర్చడానికి.

ఈ చిక్కు ఉపాధ్యాయులకు కొత్తది కాదు. ఎప్పుడూ చక్కగా వ్రాసే విద్యార్థి ఒకనాడు తలాతోకా లేని జవాబు వ్రాసి ఇస్తాడు. ఇంటి సంగతి తెలిసినంత మాత్రాన మార్కులు పెంచడం కుదరదు, పెంచకూడదు కూడా. కాని ఆ కాగితాన్ని రెండవసారి చదవడం కుదురుతుంది. మార్కు వేయడం వేరు, చదవడం వేరు. 1982లో లోకం మార్కు వేసింది, చదవలేదు.

1986లో పెగీ యంగ్ మరికొందరితో కలిసి కాలిఫోర్నియాలోని హిల్స్‌బరోలో ‘బ్రిడ్జ్ స్కూల్’ను స్థాపించారు. మాట రాని, శరీరం స్వాధీనంలో లేని పిల్లలకు బొమ్మల పలకల ద్వారా, మీటల ద్వారా, మాట్లాడే యంత్రాల ద్వారా తమ మనసులోని మాట చెప్పడం నేర్పే బడి అది. దాని సహాయార్థం నీల్ యంగ్ 1986 నుండి 2016 వరకు, ఒక్క ఏడాది మినహా, ఏటా కచేరీలు జరిపాడు. పెగీ 2019లో కన్నుమూశారు. ఈ బడి ‘ట్రాన్స్’ నుండి పుట్టిందనడం అతిశయోక్తి అవుతుంది. రెండింటికీ మూలం ఒకటే అనడం అతిశయోక్తి కాదు. మనిషి మాటకు యంత్రం గొంతు ఇవ్వగలదని ఆ ఆల్బం తడుముకుంటూ పాడింది. పిల్లవాడు మీట నొక్కితే యంత్రం పలుకుతుంది. పలికేది యంత్రమే గాని, మాట మాత్రం పిల్లవానిది. ఆ బడిలో అది పాఠం. ఆ ఆల్బంలో అది పాట.