ఓడ ఉండగానే ఒడ్డు చూడాలి

విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసురా జలాంతర్గామిని చూసొచ్చిన పిల్లలకు నౌకాదళం గురించి వేరే పాఠం అక్కర్లేదు. ఆ ఇరుకు బంకులు, గొట్టాలు, టార్పెడోలే అన్నీ చెబుతాయి. 2002లో తెరిచిన ఆ ప్రదర్శనశాలను ఇప్పటికీ జనం వెతుక్కుంటూ వచ్చి చూస్తున్నారు. అంతకంటే పెద్ద చరిత్ర ఉన్న విమానవాహక నౌక విక్రాంత్‌ను మాత్రం మనం తుక్కు కింద అమ్ముకున్నాం.

1971 యుద్ధం నాటికి విక్రాంత్ బాయిలర్లలో ఒకటి పగిలి ఉంది. ఇలాంటి నౌకకు వేగమే ప్రాణం. గాలికి ఎదురు దూసుకెళ్తేనే ఆ పొట్టి డెక్ మీంచి విమానం పైకి లేస్తుంది. దిగేటప్పుడూ ఆ గాలే ఆసరా, విమానం తోక కొక్కేనికి తగులుకునే ఉక్కు తాడే బ్రేకు. వేగం తగ్గిన ఆ ఓడ మీంచే డిసెంబరు 4న సీహాక్ యుద్ధవిమానాలు లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లపై విరుచుకుపడ్డాయి. విక్రాంత్‌ను ముంచడానికి వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ వేసిన ఎత్తుకు చిక్కి, లేని ఓడ కోసం విశాఖ దగ్గర గాలిస్తూ ఇక్కడే మునిగింది.

1997లో సేవ ముగించుకున్న విక్రాంత్ ముంబైలో కొన్నేళ్లు ప్రదర్శనశాలగా నిలిచింది. 2012లో ప్రమాదకరమని మూసేశారు. 2014లో అమ్మేశారు. మరో విమానవాహక నౌక విరాట్‌దీ అదే గతి. 2017లో అది విరమించాక ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర రెండూ ఆసక్తి చూపాయి. ఖర్చు ఎవరు భరించాలో తేలకుండానే 2020లో ఆ ఓడ పాత ఓడలను తుక్కు చేసే అలంగ్ తీరానికి చేరింది.

పాత ఓడను నిలబెట్టడం ఖరీదైన పనే. ఉప్పునీరు ఉక్కును తింటూనే ఉంటుంది, మరమ్మతులకు అంతుండదు. అందుకే ముందుచూపు కావాలి. అమెరికాలో శాన్ డియాగో రేవులోని విమానవాహక నౌక మిడ్‌వే 2004 నుంచి ప్రదర్శనశాలగా నడుస్తోంది. దాన్ని చూసుకునేది లాభాపేక్ష లేని ఒక సంస్థ. మన దగ్గర ఓడ విరమించాక చర్చ మొదలవుతుంది. ఫైళ్లు తిరిగేలోగా తుప్పు గెలుస్తుంది.

ఇప్పుడు విమానవాహక నౌక విక్రమాదిత్య సేవలో ఉంది. 2013లో మన నౌకాదళంలో చేరినా, 1987లోనే సోవియట్ నౌకగా పని మొదలుపెట్టిన ఓడ అది. దాని విరమణ రోజు వచ్చేదాకా ఆగకూడదు. నిర్వహణ నిధిని కేంద్రం ఇప్పుడే ప్రకటించాలి. తగినంత లోతున్న చోటును రాష్ట్రం ఇప్పుడే చూపించాలి. తూర్పు నౌకాదళ కేంద్రం, కురుసురాను కాపాడుకున్న అనుభవం ఉన్న విశాఖ ఆ గౌరవాన్ని గట్టిగా అడగాలి.