కూడలి బండియు మన పంటయు

కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా కడప చేరు 40వ జాతీయ రహదారిపై ఊరూర కూడళ్లయందు తినుబండారముల బండ్లు నిలిచియున్నవి. వేకువనే ఉగ్గాని, బజ్జీ. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఫాస్టుఫుడ్ అను పేరిట నూడుల్సు, వేపుడన్నము. వీనిని నిందించుట కొందరు పెద్దలకు పరిపాటి. మేమట్లు తలపము. మార్కెట్టు యార్డులో కాయలు రాశిపోసి పగలెల్ల పడిగాపులు పడిన రైతునకు, బస్సు తప్పిన కూలివానికి ఇంత చౌకగా కడుపు నిండు తావు వేరొకటి అరుదు. ఇంటివారికి తెలియక తిన్న బజ్జీకి రుచి మెండని మాలో నొకరి వాదము.

మా ఆలోచన వేరు. ఉగ్గాని ప్లేటును కొంచెము పరికింపుడు. బొరుగులకు మూలమైన వరి కె.సి. కాలువ క్రింద పండునదే. పప్పులపొడియు, బజ్జీల పిండియు సెనగలవి. సెనగ మన నల్లరేగళ్ల పంట. ఉల్లి కర్నూలు చేలది. మిరపయు మనదే. నూడుల్సు గోధుమ మైదాతో చేయుదురు. గోధుమ మన మెట్టచేల పంట కాదు. కావున సాయంకాలపు బండి పెరిగి ఉదయపు బండి తరిగినచో నష్టము నాలుకకు మాత్రమే కాదు.

అయినను ఉగ్గాని బండిలోనొక లోటు గలదు. బాణలిలో కాగునది తరచుగా వేరుసెనగ నూనె కాదు, పామాయిలు. కోస్తాలో కొంత పండినను, దేశమునకు వలయు పామాయిలులో అధికభాగము ఇండోనేషియా, మలేషియాలనుండియే వచ్చుచున్నది. 2022 ఏప్రిలు 28న ఇండోనేషియా ఎగుమతి నిలిపి, మే 23 వరకు మరల విడువలేదు. సముద్రముల కావలి ఉత్తరువు మన కూడలిలోని బాణలిని తాకగలదని నాడు తేటపడినది. వేరుసెనగ పండించిన రైతు కాయలమ్మి, తిరుగుదారిలో పరదేశపు నూనెతో వేగిన బజ్జీ తినుచున్నాడు!

బండివానిని దూరి ఫలము లేదు. వేరుసెనగ నూనె ధర హెచ్చు. అతని పెట్టుబడి తరచుగా రోజువడ్డీ అప్పు. నల్లబడిన నూనెనే మరల మరల కాచుట ఒంటికి చేటని ఎరిగియు పారబోయలేడు. సంఘమే పూనుకొని సభ్యుల కాయలను గానుగాడించి, ఆ నూనెను, సెనగపిండిని వారపు ఖాతాపై ఈయవలెను. మధ్యవర్తి లాభము తగ్గిన మేర ధరలోని అంతరము తగ్గును. పూర్తిగా తీరునని మేము చెప్పము. మొదట ఒక్క కూడలిలో, అయిదు బండ్లతో, మూడు నెలలు చేసి చూడవచ్చును.

రాబోవు మహాజన సభలో దీనిని చర్చకు పెట్టగోరుచున్నాము. గానుగకు తావు, మూలధనము, బాకీల వసూలు, వీనిని గూర్చి సభ్యులు తమ తమ లెక్కలతో రావలెను.