ఒక్క మనిషిని లోపల ఉండనివ్వండి

పోయిన ఎండాకాలం ఒక రాత్రి మా అత్తమ్మ ఉన్నట్టుండి గోడతో మాట్లాడటం మొదలుపెట్టింది. నాలుగేళ్లుగా ఆమెకు డిమెన్షియా. పేర్లు మరిచిపోతుంది, తిన్న సంగతి మరిచిపోతుంది. కానీ ఇలా ఎప్పుడూ లేదు. భయపడి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోయాం.

"పేషెంట్ వాళ్లు బయటనే ఉండాలమ్మా" అని క్యాజువాలిటీ తలుపు దగ్గరే నన్ను ఆపేశారు. కాసేపటికే లోపల కేకలు. సెలైన్ సూది పీకేసుకుంది. చేతులు మంచానికి కట్టబోతుంటే ఆగలేక లోపలికి పోయాను. "అత్తమ్మా, నేనే. ఈడనే ఉన్న" అని ఆమె చీర కొంగు ఆమె చేతికే ఇచ్చి పక్కన కూర్చున్నాను. రెండోసారి సూది వేస్తే ఊరుకుంది.

పరీక్షల్లో తేలింది మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని. ఇలా ఒక్కసారిగా మతి చెదరడాన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. డిమెన్షియా ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది. డెలీరియం గంటల్లో, రోజుల్లో ముంచుకొస్తుంది. ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొన్ని రకాల మందులు దానికి కారణాలు. కారణం పట్టుకుంటే చాలామందికి తగ్గుతుంది. అయితే "ఈమె రోజూ ఇంతేనా, ఇవాళే ఇలా ఉందా?" అన్న ప్రశ్నకు జవాబు ఇంటి మనిషి దగ్గరే ఉంటుంది. ఆ మనిషినే బయట నిలబెడితే ఎలా?

ఆసుపత్రి వాళ్ల బాధా అర్థమవుతుంది. ఒక్క రోగి వెంట పదిమంది వస్తాం. తప్పు మనదే. అందరినీ బయట ఉంచండి, కాదనను. కానీ మతిమరుపు ఉన్నవాళ్ల పక్కన తెలిసిన ముఖం ఒక్కటి ఉండాలి. అది వైద్యంలో భాగమే. మన దేశంలో అరవై దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన ఒక అంచనా. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, మా గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అక్కడ చదివే పిల్లలకు ఈ మాట మొదట్లోనే నేర్పాలని నా కోరిక.

మన వంతూ ఉంది. నేనిప్పుడు ఒక కాగితం రాసి బీరువా తలుపుకు అంటించాను. వాడే మందులు, ఏ చెవి వినపడదు, ఏ పేరుతో పిలిస్తే పలుకుతుంది, మామూలు రోజున ఎలా ఉంటుంది, అన్నీ అందులో ఉన్నాయి. కళ్లజోడు, పాత దుప్పటి ఒక సంచిలో సిద్ధంగా పెట్టాను. "ఇంటికి పోదాం" అంటే "ఇది ఆసుపత్రి" అని వాదించడం మానేసి, "పోదాం, నేను నీతోనే ఉన్న" అంటున్నాను. పెద్దవాళ్ల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉందని కూడా ఆ కాగితం చివర రాశాను.

ఇంకో మాట. ఆ ఒక్క మనిషి ప్రతిసారీ కోడలే కానక్కర్లేదు. రాత్రి నేను కూర్చుంటే పగలు కొడుకు కూర్చోవచ్చు. ఆమె పెంచిన చేతులే కదా అవి.