ప్రసాదానికి కెలోరీలు ఉండవా?



"స్వామివారి ప్రసాదానికి కెలోరీలు ఉండవండీ, కళ్ళకద్దుకొని స్వీకరించండి" అనే మాట ఇటీవల ఆలయ ప్రాంగణాలలో తరచుగా వినబడుతున్నది. మధుమేహం ఉన్నదనో, బరువు తగ్గే నియమంలో ఉన్నాననో ఒక భక్తుడు సంకోచిస్తూ చేయి వెనుకకు తీసుకొనగానే, వడ్డించేవారు చిరునవ్వుతో ఈ మాట పలికి మరొక గరిటె దొప్పలో వేస్తారు. పలికినవారి భక్తిని నేను శంకించను. కాని ఈ మాట శాస్త్రసమ్మతం కాదని, పైగా అపాయకరమని నా నిశ్చితాభిప్రాయం. ముప్పది సంవత్సరాలుగా నిత్యం నైవేద్యం సమర్పిస్తున్న అర్చకునిగానే ఈ మాట వ్రాస్తున్నాను.

నివేదన చేత అన్నానికి పవిత్రత సిద్ధిస్తుంది. దాని భౌతికధర్మం మాత్రం మారదు. నివేదించిన మిరియం కారంగానే ఉంటుంది, నివేదించిన బెల్లం తీయగానే ఉంటుంది. రక్తంలో చక్కెరను పెంచే గుణం ఒక్కటే ఎక్కడికి పోతుంది? ఛాందోగ్యోపనిషత్తు షష్ఠాధ్యాయంలో ఉద్దాలక మహర్షి తన కుమారుడైన శ్వేతకేతువును పదిహేను దినాలు కేవలం జలం మీద ఉంచి, అటుపిమ్మట వేదం చెప్పమన్నాడు. పన్నెండేండ్లు గురుకులంలో అధ్యయనం చేసి వచ్చిన ఆ కుమారునికి ఒక్క ఋక్కు కూడా స్ఫురించలేదు. భుజించి వచ్చిన తరువాత అడిగినదంతా చెప్పాడు. మనస్సు అన్నమయమని తండ్రి చేసిన బోధ అది. ఋషిపుత్రునికే శరీరధర్మం నుండి మినహాయింపు లేనప్పుడు, రక్తపరీక్ష కాగితం జేబులో పెట్టుకొని మండపంలో నిలబడిన మనకు ఎట్లా లభిస్తుంది?

మరికొందరు పెద్దలు కెలోరీ అన్న మాటనే సహించరు. పరబ్రహ్మస్వరూపమైన అన్నాన్ని అంకెలతో కొలవడం పాశ్చాత్య వ్యామోహమని వారి ఆక్షేపణ. ఆ అంకెలు పాశ్చాత్యులవే. పంతొమ్మిదవ శతాబ్ది చివర అమెరికాలో అట్వాటర్ అనే శాస్త్రజ్ఞుడు పిండిపదార్థాలకు, మాంసకృత్తులకు గ్రాముకు 4, కొవ్వుకు 9 అని నిర్ణయించిన లెక్కయే నేటికీ వాడుకలో ఉన్నది. మన దేశపు ధాన్యాలకు, పప్పులకు, కూరగాయలకు హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 పదార్థాలతో పట్టికలను ప్రచురించింది. కాని అన్నాన్ని లెక్కించడం మనకు క్రొత్త విషయం కాదు. మేము అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం సన్న్యాసికి 8 కబళాలు, వానప్రస్థునికి 16, గృహస్థునికి 32 అని స్పష్టంగా చెప్పింది. చాంద్రాయణ వ్రతంలో శుక్ల పాడ్యమినాడు ఒక్క కబళంతో ఆరంభించి దినానికొకటి చొప్పున పెంచుతూ పౌర్ణమికి 15 చేసి, తిరిగి తగ్గిస్తూ అమావాస్యనాడు నిరాహారంగా ఉంటారు. యాజ్ఞవల్క్యస్మృతి ఆ కబళానికి నెమలిగ్రుడ్డును ప్రమాణంగా చెప్పింది. నెమలిగ్రుడ్డు కోడిగ్రుడ్డు కంటె చాలా పెద్దది కనుక ఆ కొలతనే తమ 32 కబళాలకు అన్వయించుకొని సంతోషించే చమత్కారులకు ఒక మనవి: అది నెల పొడవునా సాగే కఠినవ్రతానికి చెప్పిన కొలత, ఆదివారపు భోజనానికి కాదు.

ఆపస్తంబ మహర్షి బ్రహ్మచారికి మాత్రం పరిమితి విధించలేదు. ఇందులోని ఔచిత్యం నాకు అనుభవైకవేద్యం. వేదపాఠశాలలో తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, బావినీళ్ళు తోడుకొని స్నానసంధ్యలు ముగించి, గంటల తరబడి వల్లె వేసే రోజులలో మేము తిన్న అన్నపు పరిమాణం ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. ఆ వయస్సుకు, ఆ శ్రమకు అది సరిపోయింది. ఆహారమాత్ర జఠరాగ్ని బలాన్ని అనుసరించి ఉండవలెనని చరకుడు చెప్పినదీ, వయస్సును, శ్రమను బట్టి కెలోరీల అవసరం మారుతుందని నేటి వైద్యులు చెబుతున్నదీ ఒకే దిక్కుకు చూపుతున్నాయి. మన దౌర్భాగ్యమేమంటే, వివాహమై మనుమలను ఎత్తుకొనే వయస్సు వచ్చినా భోజనం విషయంలో మాత్రం మనం బ్రహ్మచర్యాన్ని వదలము.

ఆంధ్రుల భోజనక్రమంలో ఒక సూక్ష్మం ఉన్నది. పప్పుతో అన్నం, కూరతో అన్నం, పులుసుతోనో చారుతోనో అన్నం, చివరకు పెరుగన్నం. ప్రతి వంటకం వెనుకా అన్నం మరల వస్తుంది. "అన్నం తగ్గించాను" అనేవారు సాధారణంగా మొదటి రెండు వాయిలలో తగ్గిస్తారు. చారు దగ్గరకు వచ్చేసరికి నియమం సడలుతుంది, పెరుగు దగ్గర విస్మృతమవుతుంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాలలో ధాన్యాల నుండి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటరాదని సూచించారు. మన విస్తరిలో ఆ హద్దు ఎప్పుడు దాటిపోయిందో మనకు తెలియనే తెలియదు. నేను చేస్తున్నది చెబుతాను. గృహస్థుని 32 కబళాలను నాలుగు వాయిలకు పంచితే ఒక్కొక్కదానికి 8 వస్తాయి. నాలుగేండ్ల క్రితం రక్తంలో చక్కెర హెచ్చినదని వైద్యుడు చెప్పిన నాటి నుండి నేను ఈ లెక్కనే పాటిస్తున్నాను. పప్పు, కూర ఎక్కువగా, అన్నం తక్కువగా కలిపిన ఎనిమిది చిన్న ముద్దలు. తూచే యంత్రం వంటింట్లో ఉంచుకొనేవారిని నేను ఆక్షేపించను. కాని సత్యనారాయణ వ్రతం జరిగిన ఇంట విస్తరి ముందు కూర్చొని యంత్రం బయటకు తీయలేము కదా. వ్రేళ్ళు మాత్రం ఎల్లప్పుడూ వెంట ఉంటాయి.

మా వృత్తిలో మరొక ఇబ్బంది ఉన్నది, ఇది బంధువుల ఇండ్లకు వెళ్ళే ప్రతి ఒక్కరికీ తెలిసినదే. కొసరి కొసరి వడ్డించడం మన సంస్కృతి. వద్దంటే గృహిణి చిన్నబుచ్చుకొంటుంది, అవునంటే శరీరం చిన్నబుచ్చుకొంటుంది. హఠయోగప్రదీపిక మితాహారాన్ని నిర్వచిస్తూ, కడుపులో నాలుగవ భాగాన్ని ఖాళీగా విడిచి శివప్రీతి కొరకు భుజించడమే మితాహారమన్నది. "అమ్మా, ఆ మిగిలిన పాతిక పాలు శివునిది, దానిలో వడ్డించకండి" అని నేను నమస్కరిస్తాను. ఇంతవరకు శివుని వాటాలో గరిటె పెట్టిన ఇల్లాలు నాకు తారసపడలేదు.

ఇల్లాండ్రను గురించి ఇంకొక మాట. పిల్లలు విడిచిన ముద్ద, భర్త వద్దన్న కూర, గిన్నె అడుగున మిగిలిన పెరుగన్నం, ఇవన్నీ పారవేయడం పాపమని తల్లులు తమ కడుపులో వేసుకొంటారు. అన్నాన్ని నిందించరాదని, త్రోసిపుచ్చరాదని మా తైత్తిరీయోపనిషత్తు విధించిన వ్రతం సత్యమే. కాని అన్నం వ్యర్థమయ్యేది విడిచినప్పుడు కాదు, అవసరానికి మించి వండినప్పుడు, అడగకుండా వడ్డించినప్పుడు. అవసరం లేని కడుపులోకి పంపినంత మాత్రాన అది సద్వినియోగం కాజాలదు. మిగిలినది గోవుకు పెట్టండి, మరునాడు ఒక పిడికెడు బియ్యం తక్కువ పోయండి. తల్లి ఉదరం ఇంటి మిగులును నింపే గంప కాదు.

ఇక ఏకాదశి. ఉపవాసమంటే భగవంతుని సన్నిధిలో వసించడమని అందరూ చెబుతారు, వివరణ అనావశ్యకం. ఆచరణలో మాత్రం మన ప్రాంతంలో ఉపవాసమంటే అన్నం మాని ఫలహారం చేయడమని స్థిరపడింది. ఒక సగ్గుబియ్యపు ఉప్మాను లెక్కించి చూద్దాం. పొడి సగ్గుబియ్యం 75 గ్రాములు, సుమారు 260 కెలోరీలు. వేరుశనగలు 30 గ్రాములు, సుమారు 170. రెండు చెంచాల నెయ్యి, 90. దీనితో రెండు అరటిపండ్లు, ఒక గ్లాసు చక్కెర పాలు కూడితే ఎనిమిది వందలు దాటుతుంది. వండిన అన్నం 250 గ్రాములలో ఉన్నది సుమారు 325 మాత్రమే. పప్పు, కూర, మజ్జిగ చేర్చినా నిత్యభోజనం ఈ ఉపవాసం కంటె తేలిక. సగ్గుబియ్యం కర్రపెండలపు పిండితో చేసేది. ఆ దుంప దక్షిణ అమెరికా నుండి పోర్చుగీసువారితో మన దేశానికి వచ్చింది. ఋషులు దానిని నిషేధించలేదంటే, వారు దానిని చూడలేదు కనుక. ఇక ఆ రోజు త్రాగే కాఫీలను ఎవరూ లెక్కలోనికే తీసుకోరు. ఏకాదశినాడు అల్పాహారంగా పండ్లు, పాలు తీసుకొంటే చాలు. అది కూడా అవసరం లేనివారు జలంతో ఉండవచ్చు. ఆకలి కొంత తెలియనిదే ఆ దినానికి అర్థం లేదు.

దీనికి పూర్తి విరుద్ధమైన స్థితిలో ఉన్నవారు కూడా ఉన్నారు, నాకు ఎక్కువ భయం వారిని గురించే. ఒక వైకుంఠ ఏకాదశినాడు ఉత్తరద్వార దర్శనపు వరుసలో ఒక వృద్ధమాత చెమటలు పట్టి వణుకుతూ స్తంభానికి ఆనుకొన్నది. ఉదయమే ఇన్సులిన్ సూది వేసుకొన్నది, ఆహారం మాత్రం తీసుకోలేదు. పంచదార కలిపిన నీళ్ళు నోటికి అందిస్తే, "ఏకాదశి అయ్యగారూ, ముట్టుకోను" అన్నది. జలం, కందమూలం, ఫలం, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువాక్యం, ఔషధం అనే ఎనిమిదీ వ్రతభంగం చేయవని ధర్మశాస్త్రవచనం ఉన్నది. "అమ్మా, ఇది ఔషధం. పైగా నేను చెబుతున్నాను కనుక గురువాక్యం కూడా" అంటే త్రాగింది, కొంతసేపటికి తేరుకొన్నది. ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించే మాత్రలు గాని వాడేవారు మోతాదు మార్చకుండా ఉపవసిస్తే చక్కెర ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. ఎనిమిదేండ్లు నిండనివారికి, ఎనభై దాటినవారికి ఏకాదశి నియమం లేదు. రోగులకు నక్తం, హవిష్యాన్నం, ఫలాహారం వంటి ప్రత్యామ్నాయాలను శాస్త్రమే కల్పించింది. వైద్యుని అడగకుండా వారిని ఉపవాసానికి ప్రోత్సహించే అర్చకుడు, పురోహితుడు ఎవరైనా సరే, అధర్మం చేస్తున్నారని నేను నిస్సంకోచంగా చెబుతాను.

యువతలో మరొక ధోరణి కనబడుతున్నది. ఫోనులో ప్రతి ముద్దనూ నమోదు చేసి, అంకె మించితే రాత్రి భోజనం మాని దుఃఖిస్తారు. వారానికొకసారి "చీట్ డే" అని పేరు పెట్టుకొని విచ్చలవిడిగా భుజిస్తారు. ఆ మాటకు మోసపు దినమని అర్థం. ఎవరిని మోసం చేస్తున్నట్లు? వైశ్వానరాగ్నిగా ప్రాణుల దేహాలలో ఉండి అన్నాన్ని పచనం చేస్తున్నది తానేనని గీతాచార్యుడు పదిహేనవ అధ్యాయంలో చెప్పాడు. ఆయన ఆ దినం సెలవు తీసుకోడు. అతిగా భుజించేవానికీ, అసలు భుజించనివానికీ యోగం సిద్ధించదని ఆరవ అధ్యాయంలో చెప్పినవాడూ ఆయనే. లెక్క ఉండవచ్చు, కాని లెక్క తప్పినప్పుడు పడవలసినది పశ్చాత్తాపం కాదు, మరుసటి పూట మామూలు భోజనం. ఒక ప్రక్క అన్నమయకోశమని చెప్పుకొంటూ ఇంకొక ప్రక్క ఆ శరీరాన్ని శత్రువుగా చూడడం ఎట్లా పొసగుతుంది? ప్రదక్షిణలు చేసి కరిగించుకొంటామనేవారికి కూడా ఒక మాట. అరగంట సాధారణ నడకకు ఖర్చయ్యేది దాదాపు ఒక పెద్ద చెంచాడు నెయ్యి పాటి మాత్రమే. ప్రదక్షిణ స్వామి కొరకు చేయండి, పొంగలి కొరకు కాదు.

మరి ప్రసాదాన్ని నిరాకరించవలెనా? ఎన్నటికీ అక్కరలేదు. ప్రసాదపు ఫలం పరిమాణంలో లేదు. వనవాసంలో ద్రౌపది అక్షయపాత్రకు అంటుకొని ఉన్న ఆకుకూర తునకతో శ్రీకృష్ణుడు తృప్తి చెందితే దుర్వాసుడూ, ఆయన శిష్యబృందమూ త్రేన్చారు. తిరుమల లడ్డు దాదాపు 175 గ్రాములు ఉంటుంది, శనగపిండి, చక్కెర, నెయ్యి కలిసిన పదార్థం కనుక 700 కెలోరీల పైమాటే. దానిని ఒక్కరే తినవలెనని ఎవరన్నారు? ఇంటికి తెచ్చి, చిదిపి, ఇరుగుపొరుగుకు చిటికెడు చిటికెడు పంచడం మన పెద్దలు నేర్పిన ఆచారం. ఆ చిటికెడును కళ్ళకద్దుకొని నోట వేసుకొనడానికి ఏ వైద్యుడూ అడ్డు చెప్పడు.

తప్పు స్వీకరించేవారి కంటె పంచే మాలో ఎక్కువగా ఉన్నది. దొప్ప నిండుగా ఉంటే దాత సంతోషిస్తాడని, ఆలయానికి పేరు వస్తుందని పరిమాణం పెంచుతూ పోయాము. గత ధనుర్మాసం నుండి శివకేశవులు ఇరువురూ కొలువైన మా ఆలయంలో దొప్పల పరిమాణం తగ్గించాము. మొదటి విడతలో ఒక్క చెంచాడు పొంగలి మాత్రమే. చక్కెర వ్యాధి ఉన్నదని చెప్పినవారికి ఎవరూ ఏ మాటా అనకుండా తీర్థం, తులసీదళం ఇవ్వవలెనని వడ్డించేవారికి చెప్పాము. ఇంకా కావలసినవారు మరల వచ్చి అడగవచ్చు. అట్లా అడిగేవారిలో అధికభాగం పిల్లలే, వారికి ఆపస్తంబుడు ఏనాడో అనుమతి ఇచ్చాడు.